ఒకే కొండ మీద ఐదు గుడులు: ఉగాండాలోని నమిరెంబె కేస్ స్టడీ

ఉగాండా రాజధాని కంపాలాలో నమిరెంబె అనే కొండ ఉంది. లుగాండా భాషలో 'మిరెంబె' అంటే శాంతి. ఆ కొండ మీద ముప్పై ఏళ్ల వ్యవధిలో, 1890కీ 1919కీ మధ్య, ఆంగ్లికన్ సంఘం ఐదు గుడులు కట్టింది. మొదటిది జనానికి చాలలేదు. రెండోది గాలివానకు కూలింది. మూడోదాన్ని చెదలకు భయపడి వదులుకోవాల్సి వచ్చింది. నాలుగోది పిడుగుపడి కాలిపోయింది. ఐదోది ఇప్పటికీ నిలబడి ఉంది.

విదేశంలో సంఘం స్థాపించాలని, గుడి కట్టాలని బయలుదేరేవాళ్లు చదువుకోవడానికి దీన్ని మించిన కేసు అరుదు. ప్రతిసారీ కట్టినవాళ్లు కిందటిసారి గుడిని పడగొట్టిన కారణానికే మందు వేశారు. తర్వాత వచ్చే ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇది కట్టడం వైపు కథ. రెండో వైపు కూడా చూడాలి. గుడి నాలుగుసార్లు పోయినా సంఘం ఒక్కసారి కూడా చెదరలేదు. గోడలు ఎలా కట్టాలో చెప్పే పుస్తకాలు చాలా దొరుకుతాయి గానీ గోడలు పోయాక జనం ఎందుకు నిలిచారో ఈ కొండే చెప్పాలి. అందుకే రెండింటినీ కలిపి చూస్తున్నాం.

ముందు ఆ చోటు గురించి

నమిరెంబె ఉన్నది బుగాండా రాజ్యంలో. అక్కడి రాజును కబకా అంటారు. కబకా ముటెసా కొలువుకు ఇంగ్లండ్‌లోని చర్చి మిషనరీ సొసైటీ పంపిన మొదటి మనుషులు 1877 జూన్ 30న చేరారు. మరుసటి ఏడాది నవంబర్‌లో అలెగ్జాండర్ మెకాయ్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు వచ్చాడు. 1879లో ఫ్రాన్స్ నుంచి కాథలిక్ ఫాదర్లు దిగారు. కొలువులో ముస్లింలు అంతకు ముందు నుంచే ఉన్నారు. మూడు బోధలూ ఒకే రాజు ముందు పోటీ పడ్డాయి. ముటెసా తర్వాత మ్వాంగా గద్దె ఎక్కాడు. 1885లోనే విశ్వాసులను చంపడం మొదలైంది. ఆ ఏడాది చివర్లో, బుగాండాకు వస్తున్న ఆంగ్లికన్ బిషప్పు హానింగ్టన్‌ను దారిలోనే చంపించారు. 1886 జూన్ 3న నముగోంగోలో కొలువు కుర్రాళ్లను, ఆంగ్లికన్లనూ కాథలిక్కులనూ కలిపి, సజీవంగా తగలబెట్టారు. మెకాయ్ 1890లో విక్టోరియా సరోవరానికి దక్షిణాన జ్వరంతో చనిపోయాడు. నమిరెంబె కొండ మీద మొదటి గుడి లేచింది కూడా ఆ ఏడాదే.

సరుకు మోత ఎంత కష్టమో తెలియకపోతే అక్కడి నిర్ణయాలు అర్థం కావు. మొంబాసా రేవు నుంచి బుగాండాకు దాదాపు మూడు నెలల నడక. సామానంతా మోతగాళ్ల తలల మీదే వెళ్లాలి. ఒక్కో మనిషి మోసేది సుమారు 30 కిలోలు. రైలు సరోవరపు ఒడ్డుకు చేరింది 1901 డిసెంబర్‌లో. అంతవరకు మేకు, గాజు పలక, అచ్చు అక్షరం అన్నీ నడిచే వచ్చాయి. ఈ రోజు 200 మంది కూర్చునే ఇటుక గుడికి 90 బస్తాల సిమెంటు కావాలనుకుంటే, అది 4,500 కిలోలు. ఆ రోజుల్లో దాన్ని తేవాలంటే 150 మంది మూడు నెలలు నడవాలి, దారి పొడవునా వాళ్లకు తిండి పెట్టాలి. అందుకే తొలి గుడులు స్థానికంగా దొరికే కర్ర, రెల్లు, గడ్డితో లేచాయి. చేతిలో ఉన్న సరుకును బట్టి అది తెలివైన పనే.

మొదటి మూడు గుడులు

1890 నాటి గుడిలో పట్టేది సుమారు 800 మంది. అది వెంటనే ఇరుకైపోయింది. 1892 జూలై 31న తెరిచిన రెండో గుడి అలాంటిది కాదు. అందులో దాదాపు 3,500 మంది పట్టేవాళ్లు. వందల కొద్దీ చెట్లు నరికి, కొన్నిటిని రోజుల తరబడి నడిచే దూరం నుంచి మోసుకొచ్చారు. పెద్ద నిట్రాళ్లకు వందల మంది భుజం పట్టారు. రెల్లును పక్కపక్కన పేర్చి, నారతో బిగించి, గోడగానూ పైకప్పు లోపలి అల్లికగానూ చెయ్యడం బుగాండా పనివాళ్ల ప్రత్యేక విద్య. ఆ అల్లిక చూసినవాళ్లు దాని వరసను, బిగువును మెచ్చుకోకుండా ఉండలేరు.

1894లో ఒక గాలివాన ఆ కప్పును కూల్చేసింది. విక్టోరియా సరోవరం ఒడ్డున గాలి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. సాయంత్రం ప్రశాంతంగా కనిపించిన ఆకాశం అర్ధగంటలో నల్లబడుతుంది. కొండ కొన మీద ఆ గాలికి అడ్డు ఉండదు. పక్కలు తెరిచి, ఎత్తుగా, పొడవుగా కట్టిన గడ్డి కప్పు మీద రెండు బలాలు ఒకేసారి పని చేస్తాయి. తెరిచిన వైపు నుంచి లోపలికి దూరిన గాలి కప్పును కింది నుంచి పైకి నెడుతుంది. కొప్పు మీదుగా వెళ్లే గాలి పైనుంచి లాగుతుంది. నిట్రాళ్లు గుంతల్లో పాతినవే కాబట్టి పైకి లేవకుండా వాటిని పట్టి ఉంచేది ఏదీ లేదు. దానికి తోడు అడ్డదూలాలకూ నిట్రాళ్లకూ మధ్య ఏటవాలు బిగింపులు లేని చట్రం పక్కకు వాలుతుంది. అగ్గిపుల్లలతో కట్టిన చతురస్రాన్ని ఒక మూల నొక్కితే ఎలా వంగిపోతుందో ఇదీ అంతే. మూలల్లో త్రికోణాలు ఉంటే చట్రం వంగదు. తాటాకు పందిరి వేసే మన పల్లె పనివాడు కూడా గాలి కాలంలో మూలలకు ఏటవాలు వాసం కట్టేది ఇందుకే.

1895లో మూడో గుడి లేచింది. మునుపటికంటే పెద్దది, కట్టు కూడా గట్టిది. గాలికి సమాధానం దొరికింది గానీ మట్టిలో పాతిన కర్ర ఇంకా మట్టిలోనే ఉంది. ఉగాండా ఎర్రమట్టి చెదల రాజ్యం. చెదలు వెలుతురులోకి రావు. భూమి లోపల నుంచి కర్ర మధ్యభాగం గుండా పైకి తింటూ వెళ్తాయి. పైపొర మాత్రం అలాగే ఉంచుతాయి. అందుకే నిట్రాడు బయటికి బాగానే కనిపిస్తూ లోపల డొల్లయిపోతుంది. వేల మంది కూర్చునే కప్పు కింద అలాంటి కర్రను ఎవరు నమ్ముతారు? దాన్ని వదిలేసి ఇటుకలతో కట్టాలని నిర్ణయించారు.

కర్ర గుడులు కట్టేవాళ్లు ఇప్పటికీ చేసే తప్పు ఇదే. తారు పూస్తారు, పాత ఇంజిన్ ఆయిల్ పోస్తారు. తారు రెండు వర్షాకాలాలు ఆగుతుంది. తర్వాత పగుళ్లు వస్తాయి, ఒక పగులు ఉంటే చెదకు చాలు. కర్రను భూమికి తగలకుండా ఉంచడమే అసలు మార్గం. కనీసం అడుగున్నర ఎత్తు రాతి లేదా ఇటుక దిమ్మె మీద, ఇనుప పాదంలో నిలబెట్టాలి. దిమ్మె చుట్టూ చెదల మట్టి బాట కంటికి కనిపించేలా ఖాళీ ఉంచాలి. నెలకోసారి ఒక మనిషి చుట్టూ తిరిగి ఆ బాటలు గీకి చూడాలి. చేవ ఉన్న కర్ర ఎక్కువ కాలం ఆగుతుంది, తెల్ల కర్ర మూడేళ్లలో పోతుంది. అడవి ఈత మొద్దును చెదలు త్వరగా తాకవు కాబట్టి అక్కడివాళ్లు దాన్ని ఎంచుకుంటారు.

ఇటుకల గుడి

నాలుగో గుడి కట్టే సమయానికి కె. ఇ. బోరప్ అనే మిషనరీ వచ్చి ఇటుకలు, పెంకులు చేయడం, వడ్రంగం, అచ్చుపని నేర్పుతున్నాడు. ఆ పనిశాలలోంచే 1903లో ఉగాండా కంపెనీ పుట్టింది. అది తర్వాత పత్తి గింజలు పంచి దేశపు వ్యవసాయాన్నే మలుపు తిప్పింది. ఒక గుడి కోసం పెట్టిన ఇటుక బట్టీ దేశానికి వాణిజ్య పంట తెచ్చిపెట్టిందంటే అతిశయోక్తి కాదు.

పునాది 1901లో పడింది, ప్రతిష్ఠ 1904 జూన్‌లో జరిగింది. ఇటుకకు తగిన మట్టి కొండ మీద దొరకదు. అక్కడి కొండలు గరుసు ఎర్రరాయి, బంకమట్టి ఉండేది కింద జమ్ము మొలిచే బురద లోయల్లో. అందుకే మట్టినీ ఇటుకలనూ తలల మీద ఎక్కించారు. వరసలు కట్టి నడిచినవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ, వాళ్లలో రాజవంశపు స్త్రీలూ ఉన్నారు. ప్రధానమంత్రి అపోలో కగ్వా కూడా తట్ట ఎత్తాడు. పెద్దింటివాళ్లు మట్టి మోయడం ఆ సమాజంలో మామూలు సంగతి కాదు. పదవి ఉన్నవాడు బరువు మోస్తే గుడి అందరిదవుతుంది. ఈ ఒక్క దృశ్యం మీద బోధకులు ఎన్నో ప్రసంగాలు చెప్పొచ్చు.

అయితే ఇంకో నిజాన్నీ చెప్పాలి. బుగాండాలో పెద్దలు పనికి మనుషుల్ని పిలిస్తే రాకపోవడం కుదరని వ్యవస్థ ఉండేది. స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు ఎందరో, దొర పిలిచాడని వచ్చినవాళ్లు ఎందరో ఆ వరస చూసి తేల్చలేం. విదేశంలో స్థానిక అధికారుల సాయంతో గుడి కట్టేటప్పుడు ఈ ప్రశ్న ప్రతిచోటా ఎదురవుతుంది. పనికి కూలీ ఇవ్వాలి. కానుకగా ఇచ్చే పనిని ఏ రోజు, ఎవరు చేశారో వేరే పుస్తకంలో రాయాలి. రెండూ కలిసిపోతే పదేళ్ల తర్వాత సంఘంలో గొడవ అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇటుక గోడలతో చెదల బాధ తీరింది, గాలి బాధ సగం తీరింది. కప్పుకు మాత్రం మళ్లీ గడ్డే వేశారు. గడ్డి కప్పు ఎండకు చల్లగా ఉంటుంది, వాన చప్పుడును మింగేస్తుంది, అక్కడి చేతులకు బాగా వచ్చిన పని. వేల మంది కూర్చునే గుడిలో బోధకుడి గొంతు వినపడాలంటే రేకుల కంటే గడ్డి మేలు. ఈ కారణాలన్నీ మంచివే. మరవకూడనిది ఒకటే, ఆ ప్రాంతంలో ఏడాదికి 200 రోజులకు పైగా ఉరుములు వినిపిస్తాయి. ప్రపంచంలో ఉరుములు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో విక్టోరియా సరోవరపు ఉత్తర తీరం ఒకటి. కొండ కొన మీద, చుట్టూ అన్నిటికంటే ఎత్తుగా, వాన పడినా లోపలి పొరలు తడవని ఎండుగడ్డి గుట్ట! 1910 సెప్టెంబర్‌లో పిడుగు పడింది. గడ్డి అంటుకుంది, కప్పు లోపలికి కూలింది, గోడలు మాత్రం నిలిచాయి.

గడ్డి కప్పు మంటల గురించి తెలియనివాళ్లు నీళ్లు పోస్తే ఆరిపోతుందనుకుంటారు. గడ్డి కప్పు మందం 20 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటుంది, వాన నీరు జారేలాగే దాన్ని పరుస్తారు. పోసిన నీళ్లు కూడా అలాగే జారిపోతాయి. నిప్పు మధ్య పొరల్లో పాకుతుంది. అంటుకున్న కప్పును కాపాడేదేదీ లేదు. మనుషుల్ని బయటికి తీసుకురావడమే పని.

ఐదో గుడి

కాలిపోయిన తర్వాత వెంటనే కట్టలేదు. ఇంగ్లండ్‌లో చర్చి కట్టడాలకు పేరున్న టెంపుల్ మూర్ అనే వాస్తుశిల్పి చేత నమూనా గీయించారు. పని 1915లో మొదలై 1919లో ముగిసింది. నడుమ మొదటి ప్రపంచ యుద్ధం నడిచింది. కాల్చిన ఇటుక గోడలు, కాల్చిన మట్టి పెంకుల కప్పు, మధ్యలో గుమ్మటం, సిలువ ఆకారపు నేలమట్టం. కబకా, పెద్దలు తమ భూముల ఆదాయంలోంచి కొంత భాగం దీనికి కేటాయించారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన డబ్బుతో మాత్రమే కట్టిన గుడి కాదిది. హానింగ్టన్, మెకాయ్ ఇద్దరి అస్థికలూ ఈ కొండ మీదే ఉన్నాయి.

పెంకుల కప్పు బరువు గడ్డి కంటే చాలా ఎక్కువ. దాని కోసం గోడ మందం, దూలాల లెక్క మారాలి. పాత గోడల మీద పెంకులు వేసి తొందరగా ముగించాలనే ఆశ ఎవరికైనా కలుగుతుంది. వేడికి కాలిన ఇటుక గోడలో సున్నపు గార తన పట్టు కోల్పోతుంది. దాని మీద బరువు పెంచకూడదు. ఐదేళ్లు ఆగి కొత్తగా కట్టడం ఖర్చుగా కనిపించినా సరైన నిర్ణయం.

చదివేవాళ్ల సంఘం

ఇప్పుడు సంఘం సంగతి. లుగాండాలో విశ్వాసుల్ని 'అబసోమి' అనేవాళ్లు. ఆ మాటకు చదివేవాళ్లు అని అర్థం. చదవడానికీ ప్రార్థనకు వెళ్లడానికీ ఒకటే క్రియ. ఇది అలంకారం కాదు, అక్కడి పద్ధతే అది. బాప్తిస్మం కావాలని వచ్చినవాడు ముందు సువార్త చదవగలగాలి. ముసలివాళ్లకు, చూపు లేనివాళ్లకు మాత్రం మినహాయింపు. ఈ నియమం వల్ల బాప్తిస్మాలు ఆలస్యమయ్యాయి గానీ బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడూ మరొకడికి నేర్పగలిగే మనిషి అయ్యాడు. కొలువులో జనం చంపబడిన రోజుల్లో, మిషనరీలను వెళ్లగొట్టిన రోజుల్లో కూడా రహస్యంగా ఇళ్లలో చదువు సాగింది. ఫాదరో పాస్టరో ఉంటేనే సాగే సంఘం ఆ సంవత్సరాలు దాటేది కాదు.

పూర్తి లుగాండా బైబిలు మిషనరీ జార్జ్ పిల్కింగ్టన్, హెన్రీ రైట్ డూటా కలిసి పని చేయడం వల్ల వచ్చింది. డూటా బుగాండావాడు. అతని పేరును పక్కన పెట్టి అనువాదం ఒక్క తెల్లవాడిదే అనడం అన్యాయం. ఆ బైబిలు ఆకారాన్ని చేతిలోకి తీసుకుని చూడాలి. సన్నగా, పొడుగ్గా కాకుండా పొట్టిగా, లావుగా, ఇటుక ముక్కలా ఉండేది. అప్పట్లో ఇంగ్లండ్ నుంచి వచ్చే బిస్కెట్ల రేకు డబ్బాలో సరిగ్గా పట్టేలా ఆ కొలత పెట్టారు. గుడి నిట్రాళ్లను తిన్న చెదలే కాగితాన్నీ తినేవి. రేకు డబ్బా మూత మూస్తే పుస్తకం భద్రం. పుస్తకాన్ని అచ్చు వేయడం దగ్గర ఆగకుండా, చదివేవాడి గుడిసెలో అది పదేళ్లు ఎలా ఉంటుందో ఆలోచించిన మనిషి చేసిన పని అది. పరదేశంలో సేవ అంటే ఈ స్థాయి శ్రద్ధ కావాలి.

1893 డిసెంబర్‌లో పిల్కింగ్టన్ సరోవరంలోని కోమె ద్వీపానికి వెళ్లి ప్రార్థనలో గడిపి తిరిగి వచ్చాక నమిరెంబెలో ఉజ్జీవం మొదలైంది. అందరికీ అది గుర్తుంది. ఆ వేడిని పిల్కింగ్టన్ ఎలా మలిచాడన్నది మాత్రం తక్కువమందికి తెలుసు. ఊళ్లలో చిన్న చిన్న రెల్లు గుడిసెలు కట్టించాడు. వాటిని సినగోగులు అన్నారు. ఒక్కోదానికి ఒక ఉపదేశకుడు. ఉదయాన్నే చదువు, ఆదివారం ఆరాధన. 1894 మొదట్లో ఊరి గుడులు ఇరవై కూడా లేవు, ఆ ఏడాది ముగిసేసరికి దాదాపు 200 అయ్యాయి. పెద్ద గుడి కూలింది ఆ ఏడాదే! పెద్ద కప్పు పడిన రోజుకే జనం రెండు వందల చోట్ల చిన్న కప్పుల కింద చదువుతున్నారు. అందుకే ఆ కూలిపోవడం సంఘాన్ని కదిలించలేదు.

ఉపదేశకుల్ని పోషించింది స్థానిక సంఘమే. గుడిసె ఊరివాళ్లు కట్టాలి, ఉపదేశకుడి తిండి, బట్ట ఊరివాళ్లు చూడాలి. కానుకల పళ్లెంలో పడేవి గవ్వలు. నూరేసి గవ్వలు దండ గుచ్చి లెక్కపెట్టేవాళ్లు. గవ్వలు లేనివాళ్లు కోడిని, అరటి గెలను తెచ్చేవాళ్లు. మన పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం పట్టి కుండలో వేసి ఆదివారం గుడికి తెచ్చే అలవాటు తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. విదేశపు డబ్బు వాడింది మిషనరీల జీతాలకు, ఆసుపత్రికి, అచ్చుకు. ఊరి ఉపదేశకుడి జీతానికి వాడలేదు. ఈ గీతను మొదటి రోజే గీయాలి. ఒకసారి జీతం బయటి నుంచి మొదలైతే దాన్ని ఆపిన రోజు ఉపదేశకుడు వెళ్లిపోతాడు, అతనితో పాటు ఊరి సంఘమూ పోతుంది.

ఏది తప్పిపోయింది

ఇంత జరిగినా అన్నీ సవ్యంగా సాగలేదు. బ్రిటిష్‌వాళ్లకూ బుగాండాకూ మధ్య కుదిరిన 1900 ఒప్పందంలో మిషన్లన్నిటికీ కలిపి 92 చదరపు మైళ్ల భూమి దక్కింది. భూమి ఉన్న సంఘం స్థిరంగా నిలుస్తుంది, నిజమే. కానీ పెద్దలు, పదవి, భూమి, గుడి ఒక్కచోట చేరాయి. పదవి కావాలంటే బాప్తిస్మం కావాలన్నట్టు తయారైంది. పేరుకు క్రైస్తవులు పెరిగారు. 1930లలో రువాండా సరిహద్దు నుంచి మొదలై ఉగాండా అంతా పాకిన ఉజ్జీవం, బలోకొలె అని పిలిచే ఆ ఉద్యమం, ఈ చల్లబడిన స్థితికి ఎదురుగా లేచిందే.

ఉపదేశకుల జీతం తక్కువ. పత్తి పంట వచ్చాక, ఆఫీసుల్లో గుమాస్తాలు కావాల్సి వచ్చాక, చదువు వచ్చిన కుర్రవాడికి మెరుగైన దారులు తెరుచుకున్నాయి. చదివించింది సంఘం, తీసుకెళ్లింది బజారు. ఇది తప్పించలేని విషయమే కానీ దీన్ని ముందే ఊహించి, ఉపదేశకుడికి కాస్త పొలం, ఇల్లు, పిల్లల చదువు ఏర్పాటు చేసిన ఊళ్లలో నష్టం తక్కువగా ఉంటుంది.

మూడో సమస్య అధికారానిది. బిషప్పు టక్కర్ 1893లోనే బుగాండావాళ్లను డీకన్లుగా, 1896లో గురువులుగా అభిషేకించాడు. 1897 నుంచి ఆయన ఒక సంఘ నియమావళిని ముందుకు తెచ్చాడు. అందులో మిషనరీలు, స్థానికులు ఒకే సినడ్ (సంఘ పాలక సభ) కింద, ఒకే చట్టం కింద ఉండాలి. మిషనరీల్లో చాలామంది ఒప్పుకోలేదు. స్థానికుల ఓటుతో తమ పని నిర్ణయమవుతుందేమోనని వాళ్ల భయం. నియమావళి ఆమోదం పొందడానికి 1909 వరకు పట్టింది, అదీ మిషనరీలకు కొంత వెసులుబాటు ఇచ్చాకే. ఉగాండా ఆంగ్లికన్లలో మొదటి ఆఫ్రికన్ బిషప్పు అబేరి బల్యా 1947లో అభిషిక్తుడయ్యాడు. మన దోర్నకల్‌లో అజరయ్య 1912లోనే బిషప్పు అయ్యాడు. ఎవరి చేతుల్లోకి ఎప్పుడు పగ్గాలు వెళ్తాయో మొదటి అయిదేళ్లలోనే రాసి పెట్టుకోకపోతే అది తరాలు వాయిదా పడుతుంది. టక్కర్ నియమావళిని మెచ్చుకునేవాళ్లు ఆ పన్నెండేళ్ల ఆలస్యాన్నీ చదవాలి.

ఇప్పుడు అలాంటి చోట కట్టాలంటే

తూర్పు ఆఫ్రికాలోని ఒక పల్లెలో 200 మందికి గుడి కట్టే పనికి నమిరెంబె పాఠాల్ని లెక్కల్లోకి మార్చి చూద్దాం. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 12 అడుగుల గోడ ఎత్తు, 9 అంగుళాల గోడ అనుకుంటే, కొప్పు కింది త్రికోణపు గోడలతో కలిపి, కిటికీలు తలుపులు తీసేశాక గోడలకు సుమారు 21,000 ఇటుకలు పడతాయి. పునాది, బేస్‌మెంట్‌కు ఇంకో 11,500. విరిగేవి పదో వంతు కలుపుకుంటే 36,000 చేయించాలి. ఒక్కోటి మూడు కిలోలు అనుకున్నా 108 టన్నులు. తలకు ఐదేసి ఇటుకలు మోస్తే 7,200 సార్లు ఎక్కి దిగాలి. అందుకే మట్టి దొరికే చోటుకూ గుడి స్థలానికీ మధ్య దూరం చూసి స్థలం ఎంచుకోండి. కొండ కొన అందంగా ఉంటుంది కానీ మోత, నీటి ఇబ్బంది, గాలి, పిడుగు నాలుగూ అక్కడే ఎక్కువ. కొండ భుజం మీద, కొంచెం దిగువన కడితే ఏ నష్టమూ లేదు.

బురద లోయ మట్టి ఒట్టిగా వాడితే ఇటుక ఎండేటప్పుడు పగులుతుంది. ఇసుక కలిపి, చేత్తో ఉండ చేసి, ఎండబెట్టి చూసి పాలు నిర్ణయించుకోవాలి. పచ్చి ఇటుకను నీడలో వారం పది రోజులు ఎండబెట్టకుండా బట్టీలో పేర్చితే లోపలి తడి ఆవిరై ఇటుక పగిలిపోతుంది. వానాకాలం రెండుసార్లు వచ్చే దేశం కాబట్టి బట్టీ పని రెండు వానల మధ్య ముగించేలా క్యాలెండర్ వేసుకోవాలి. ఈ ఒక్క అంచనా తప్పి ఏడాది ఆలస్యమైన గుడులు ఎన్నో. సిమెంటు 1:6 పాళ్లలో గారకు 85 నుంచి 90 బస్తాలు పడుతుంది. పొడవు గోడకు ప్రతి పది అడుగులకూ ఒక ఆనుడు దిమ్మె, గోడ పైన చుట్టూ కాంక్రీటు పట్టీ తప్పనిసరి. కప్పు దూలాన్ని ఆ పట్టీలో పాతిన ఇనుప కడ్డీతో కిందికి బిగించాలి. గోడ మీద ఊరికే ఆనించిన దూలం, 1894 నాటి కప్పు కంటే మెరుగైనదేమీ కాదు.

రేకులు 28 గేజ్‌కు తగ్గకూడదు. 30 గేజ్ రేకు చవక, కానీ మేకు చుట్టూ చిరిగి మొదటి పెనుగాలికే లేచిపోతుంది. వాన చప్పుడు కోసం రేకు కింద ఒక పొర రెల్లు తడిక వేస్తే బోధ వినపడుతుంది. స్థానిక అల్లిక విద్యకూ గుడిలో చోటు దొరుకుతుంది. ఆ తడిక నేలను గానీ గోడను గానీ తాకకూడదు, తాకితే చెదలకు దారి ఇచ్చినట్టే.

పిడుగు రక్షణను చాలామంది చివరికి వాయిదా వేస్తారు, చివరికి డబ్బు ఉండదు. రేకు కప్పు ఉన్నంతమాత్రాన రక్షణ రాదు. కప్పు నుంచి భూమికి దారి లేకపోతే పిడుగు గోడ గుండా, తడిసిన తలుపు చట్రం గుండా, అక్కడ నిలబడ్డ పిల్లల గుండా దిగుతుంది. ఉగాండాలో బడుల మీద పిడుగులు పడి పిల్లలు చనిపోయిన సంఘటనలు ఇటీవలి సంవత్సరాల్లోనూ ఉన్నాయి. కప్పుకు ఎదురెదురు మూలల్లో కనీసం రెండు రాగి పట్టీలు దింపి, ఒక్కోదాన్ని ఎర్త్ గుంతలో కలపాలి. గరుసు ఎర్రరాతి నేల ఎండాకాలంలో కరెంటును సరిగా పోనివ్వదు. కాబట్టి కొలత ఎండాకాలంలోనే తీసుకోవాలి, 10 ఓంల లోపు వచ్చేదాకా గుంతలు పెంచాలి. రాగి పట్టీని కోసి అమ్ముకునేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. మనిషి ఎత్తు వరకు దాన్ని గోడలో ఇనుప గొట్టంలో పెట్టి పూడ్చాలి, ఆ గొట్టం పై కొసనూ కింది కొసనూ పట్టీకి కలపాలి. పరీక్ష కోసం విప్పే బోల్టు ఒకటి ఉంచాలి. ఆ బోల్టు ఎక్కడుందో, కొలత ఎంత వచ్చిందో, మళ్లీ ఎప్పుడు చూడాలో సంఘ పెద్దల పుస్తకంలో వాళ్ల భాషలో, వాళ్ల చేత్తో రాయించాలి.

గుడి లేవకముందే ఆ ఊళ్లో చదువు చెప్పే మనిషి ఉండాలి, చదివేవాళ్లు ఉండాలి, కానుకల లెక్క రాసే పుస్తకం స్థానికుడి చేతిలో ఉండాలి. స్థలం పట్టా స్థానిక సంఘం పేరున ఉండాలి, బయటి నుంచి వచ్చిన మిషన్ పేరున కాదు, వ్యక్తి పేరున అసలే కాదు. ఈ నాలుగూ కుదిరాకే పునాది తవ్వడం మొదలుపెట్టాలి.